లోపల వదిలిన గుడ్డ

జూన్ 4

ఈరోజు నుంచి అన్నయ్యకీ మా ఆయనకీ మాటల్లేవు. కారణం అంగుళం గుడ్డ.

అన్నయ్య కత్తిరిస్తాడు, మా ఆయన కుడతాడు, నేను కాజాలు తీసి గుండీలు వేస్తాను. పదకొండేళ్ల షాపు. కుట్టు లోపల ఒకటిన్నర అంగుళం గుడ్డ వదలాలని అన్నయ్య పట్టు. రేపు మనిషి ఒళ్లు చేస్తే విప్పి వదులు చేసుకోవచ్చట. ఒళ్లు చేసేదాకా ఒకే చొక్కా ఎవడు తొడుగుతాడు బావా, అరంగుళం చాలు, మన లావు కుట్లు చూసి కస్టమర్లు నవ్వుతున్నారు అని మా ఆయన. నవ్వే నోళ్లు నేను కుట్టలేనుగా అన్నాడు అన్నయ్య. అక్కడితో అయిపోయేది. నీ కత్తెరకి తుప్పు పట్టింది బావా అనేశాడు ఈయన. అనకూడని మాట.

జూన్ 7

బల్లకీ మిషన్‌కీ మధ్య ఆరడుగులు. కబుర్లు మాత్రం నా మీదుగా. బావకి దారం నల్లదని చెప్పు అంటాడు ఒకడు. విన్నానని చెప్పు అంటాడు ఇంకొకడు.

జూన్ 11

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఇంట్లో మొగుడు, షాపులో అన్న. ప్రశాంతంగా టీ తాగే చోటు లేదు.

జూన్ 14, మధ్యాహ్నం

నెలాఖరుకి బల్ల తీసుకుని వేరే చోటికి పోతానన్నాడు అన్నయ్య. నువ్వూ రా అమ్మా, నీలా కాజాలు ఎవరు తీస్తారు అన్నాడు.

సాయంత్రం

మా ఆయనకి చెప్పాను. పోనీ అన్నాడు. నువ్వు కూడా పోతావా అని అడగలేదు. భయమేసింది. బల్ల అన్నయ్యది, మిషన్లు ఈయనవి. నేనెవరి సామానో నాకే తెలీదు.

జూన్ 15

హెడ్మాస్టరుగారు కోటుకి కొలతలిచ్చి వెళ్లారు. ముప్ఫయ్యో తేదీన ఆయన రిటైర్‌మెంట్ సభ.

జూన్ 16

అబద్ధం ఆడాను. ఒకటి కాదు, రెండు. తుప్పు మాట అన్నందుకు ఈయన లోలోపల కుమిలిపోతున్నాడని అన్నయ్యతో చెప్పాను. నీ మాటలోనూ న్యాయం ఉందని అన్నయ్య అంటున్నాడని ఈయనతో. అంగుళాల ఊసు ఎత్తలేదు. ఇద్దరూ ఒకేలా ఊఁ అన్నారు.

జూన్ 19

అన్నయ్య కత్తెరని మా ఆయన సాన పట్టించి తెచ్చి, చప్పుడు చెయ్యకుండా బల్ల మీద పెట్టాడు. కాసేపటికి మిషన్ పక్కకి టీ గ్లాసు వచ్చింది. మాట మాత్రం లేదు. నాకు సిగ్గుగా ఉంది. సంతోషం దాన్ని మించి ఉంది.

జూన్ 27

ట్రయల్. హెడ్మాస్టరుగారికి కోటు పట్టలేదు. నాలుగంగుళాలు బిగువు. పాపం, ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.

అన్నయ్య కోటు తిరగేసి లోపల చూశాడు. ఒకటిన్నర పట్టి కుట్టావా బావా అన్నాడు. అరంగుళమే వదిలావా బావా అన్నాడు ఈయన. ఇరవై మూడు రోజుల తర్వాత మొదటి మాట.

జరిగింది ఇదీ. బావ బాధపడుతున్నాడు కదా, అతనన్నట్టే చేద్దామని అన్నయ్య అరంగుళమే వదిలి కత్తిరించాడు. బావ మెత్తబడ్డాడు కదా, ఆయన మాటే నిలబెడదామని ఈయన ఒకటిన్నర పట్టి కుట్టాడు. అవతలివాడు ఎలాగూ తన మొండిపట్టు వదలడని ఇద్దరికీ నమ్మకం. తగ్గినట్టు బయటపడటం నామోషీ. పైగా అన్నయ్య కత్తిరించింది మా ఆయన ఏనాడూ మళ్లీ కొలవడు. రెండు పక్కల కుట్లు, నాలుగు అంచులు, అంచుకో అంగుళం చొప్పున నాలుగంగుళాలు లోపలికి పోయాయి.

నేను బాధపడ్డానని నీకెవరు చెప్పారు అన్నాడు ఈయన. ఇద్దరూ ఒక్కసారే నా వైపు తిరిగారు. ఒకడు మొదలుపెట్టిన తిట్టు ఇంకొకడు పూర్తి చేశాడు. అంత పొందికగా వాళ్లు చొక్కా కూడా కుట్టలేదు.

జూన్ 28

కుట్లు విప్పారు. లోపలి గుడ్డ అతికినట్టు సరిపోయింది. లోపల గుడ్డ ఉండబట్టే పరువు దక్కిందని మా ఆయన. అరంగుళం పట్టి కుట్టి ఉంటే ఈ గోలే లేదని అన్నయ్య. ఒకరి వాదన ఇంకొకరు చేస్తున్నారని ఇద్దరికీ తట్టలేదు. నేను చెప్పలేదు.

జూలై 1

బల్ల కదల్లేదు. ఇద్దరూ నాతో మాట్లాడటం లేదు. చెల్లాయికి గుండీలు నల్లవని చెప్పు బావా అన్నాడు అన్నయ్య. మా ఆయన వచ్చి చెప్పాడు.

విన్నానని చెప్పమన్నాను.