తడి ఇసుక మీద బంతి

శనివారం రాత్రి, ముత్తుకూరు, 1961

పెళ్లయి నెల దాటినా, ఆయనా నేనూ మనసిచ్చి మాట్లాడుకున్నది ఈ సాయంత్రమే. అదీ ఒక బంతి గురించి! డ్రిల్ మాస్టారు కదా, సముద్రం ఒడ్డుకు కూడా టెన్నిస్ బంతి తెచ్చుకున్నారు. పొడి ఇసుకలో వదిలితే అది లేవనే లేదు.

"బంతి పాడైపోయినట్టుండాదే" అన్నారు.

కాలేజీలో చదివింది నాలుక మీదికి వచ్చేసింది. "తప్పు బంతిది కాదండీ. దాని ఊపంతా మెత్తటి ఇసుక మింగేస్తా ఉంది. అలలు తడిపిన గట్టి ఇసుక మీద వదలండి."

తల ఎత్తు నుంచే మళ్లీ వదిలారు. మోకాలి దాకా లేచింది! ఆయన చిన్నపిల్లాడిలా కేక వేశారు.

"ఇంకా పైనుంచి వదిలితే?"

"ఇంకా లేస్తుంది. కానీ వదిలినంత ఎత్తుకు మాత్రం రాదు."

చీకటి పడేదాకా వదులుతూనే ఉన్నాం. నా చెప్పు ఒకటి అల పట్టుకుపోయినా చూసుకోలేదు.

తిరిగి వస్తుంటే అన్నారు: "ఇంత తెలిసి ఇన్నాళ్లూ నోరు మెదపలేదే? సోమవారం బళ్లో మా పిల్లకాయలకు నువ్వే చెప్పాల."

కొత్త కోడలు బడికి పోయి పాఠం చెబుతానంటే అత్తమ్మ ఏమంటారో. భోజనాల దగ్గర ఆయన ఆ మాటే ఎత్తలేదు. నాకూ ధైర్యం చాలలేదు. రేపైనా అడగాలి...

ఏ చీర కట్టుకుని వెళ్లాలో మాత్రం అప్పుడే తీసి పెట్టేశాను.