మూడో రింగు లోపల

యానాం,
12 జూన్ 2005

ప్రియమైన తమ్ముడు నెహెమ్యాకి,

అక్క ఎస్తేర్‌రాణి దీవెనలు. ఫోనులో అయితే నా మాట పూర్తికాకుండానే "అదంతా ఈజీ అక్కా" అంటావు. అందుకే ఉత్తరం. కాగితం మీద నువ్వు నాకు అడ్డు రాలేవు.

మీ బావ పోయి రెండేళ్లు నిండాయి. జనరేటర్ల అద్దె కొట్టు ఆయన నడిపినట్టు నేను నడపలేకపోతున్నాను. ఒప్పుకుంటున్నాను, నవ్వకు. కొట్టు ఇక్కడ బజారులో, ఇంజన్లేమో కనకాలపేట షెడ్డులో మెకానిక్ అమ్మన్న దగ్గర. కరెంటు పోయి చెరువులో ఫ్యాన్లు ఆగితే రొయ్యకి గాలి అందదు. రైతు నాకు ఫోను చేస్తాడు. నేను అది పెట్టేసి అమ్మన్నకి చేయాలి. ఈలోగా ఇంకో రైతు చేస్తే ఎంగేజ్. మీ బావ పెట్టిన కట్టుబాటు తెలుసుగా, మూడో రింగు లోపల ఎత్తాలి. ఎత్తలేదంటే ఇంజను లేదని లెక్క, రైతు వేరేచోట చూసుకోవాలి. చూసుకుంటున్నారు కూడా. ఈ పంటకాలమూ ఇలాగే పోతే కొట్టుకి తాళం వేయడమే. ఆ తరవాత నేనేం చేయాలో నాకు తెలియదు.

నువ్వు చెప్పిన ఆ ఇంటర్నెట్ ఫోను తక్కువలో పెట్టగలవా? రెండు ఫోన్ల బిల్లు మోయలేకుండా ఉన్నాను.

జవాబు కోసం కాచుకునే,
నీ అక్క

*

హైదరాబాదు,
3 జులై 2005

ప్రియమైన అక్కకి వందనాలు.

పెట్టె, దానికి తగిలించే రెండు కొత్త ఫోన్లు బస్సు పార్సిల్లో వేశాను, ఈ ఉత్తరం దాంట్లోనే ఉంది. కేబుల్ టీవీ బుల్లబ్బాయి ఇంటర్నెట్ కూడా ఇస్తున్నాడన్నావు కదా, కొట్టుకీ షెడ్డుకీ వైరు లాగమను. కొట్టు ఫోను లైను పీకి ఈ పెట్టెలో గుచ్చు. ఎవరు చేసినా మొదటి రింగుకే పెట్టె ఎత్తుతుంది. ఒకటి నొక్కితే నువ్వు, రెండు నొక్కితే అమ్మన్న. మీ ఇద్దరూ రోజంతా మాట్లాడుకున్నా పైసా పడదు. షెడ్డు ఫోను వెనక్కి ఇచ్చేయ్. కొట్టులో ఉన్న బావ ఎర్రఫోను ఇక అటకెక్కించు.

నీ గొంతు రికార్డు చేసే పద్ధతి కాగితం వెనక రాశాను. మూడో రింగు ఏంటక్కా, నీ కొట్టులో ఇక రెండో రింగే ఉండదు.

నీ వెనకే ఉన్న,
నెహెమ్యా

*

యానాం,
21 ఆగస్టు 2005

ప్రియమైన తమ్ముడికి,

నీ పెట్టె పనిచేస్తోంది. నా గొంతు నాకే వినబుద్ధి కావడం లేదు గానీ, పనిచేస్తోంది. "ఏంటమ్మా, నువ్వు మాట్టాడేసి మళ్లీ నువ్వే మాట్టాడతన్నావు?" అని రైతులు ఒకటే నవ్వు. అగ్రహారం ప్రకాశరావుగారు రికార్డుకి వందనాలు చెప్పారట. అది బదులు చెప్పలేదని ఆదివారం గుడి దగ్గర నన్ను కోప్పడ్డారు. ఆయన ఏమన్నా నేను పడతాను. ఆడమనిషి ఇంజన్లేం తిప్పుద్దిలే అని ఊరంతా అన్నప్పుడు మొదట వచ్చి ఇంజను పట్టుకెళ్లింది ఆయనే.

పోయిన నెలలో తొమ్మిది చెరువులకి వేళకి ఇంజన్లు అందాయి. చాన్నాళ్లకి కడుపునిండా తిన్నాను తమ్ముడూ.

ఒక్కటే అనుమానం. అమ్మన్న అడిగాడు, "కరెంటు పోతే ఈ పెట్టె ఏమవుద్దమ్మా?" అని. మనకి ఫోన్లు వచ్చేదే కరెంటు పోయినప్పుడు కదా. ఇప్పటిదాకా చెరువుల వైపు పోయినప్పుడు బజారులో ఉంది, గండం గడిచింది. వెంటనే రాయి.

నీ పెట్టెకి గొంతు అరువిచ్చిన,
అక్క

*

హైదరాబాదు,
2 సెప్టెంబరు 2005

ప్రియమైన అక్కకి,

పనిలో తలమునకలుగా ఉన్నాను, రెండు ముక్కలే రాస్తున్నాను. కరెంటు సంగతి తరవాత చూద్దాం. చిన్న బ్యాటరీ ఒకటి పెట్టాలి, నేనే తెస్తాను. అమ్మన్నవన్నీ అనవసరమైన భయాలు.

తొందరలో,
నెహెమ్యా

*

యానాం,
26 సెప్టెంబరు 2005

నెహెమ్యా,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

మూడు రోజులు ముసురు పట్టింది. శనివారం పొద్దున్న ఏడింటికి యానాం మొత్తం కరెంటు పోయింది. నేను కొట్లోనే ఉన్నాను, పెట్టె పక్కనే. దాని మీద దీపం ఆరిపోయింది. కరెంటు లేదు, ఆరదా మరి, అనవసరమైన భయాలని నువ్వు రాశావుగా అనుకున్నాను. షెడ్డులో రెండు ఇంజన్లు డీజిలు పోసి సిద్ధంగా ఉన్నాయి. ఫోను మోగలేదు. తొమ్మిదైంది, పదైంది, మోగలేదు. ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు ప్రభువా అని నేను మోకరించి స్తోత్రం చేసుకున్నాను. విన్నావా? స్తోత్రం చేసుకున్నాను!

ఆ వేళకి అగ్రహారంలో ప్రకాశరావుగారి రొయ్య చచ్చి తేలిపోయింది. చెరువు చెరువంతా. ఇంకో పది రోజుల్లో పట్టుబడి, రొయ్య తీసి అమ్ముకునేవారు.

అమ్మన్న తరవాత చూసి చెప్పాడు. పెట్టె చచ్చినా లైను బతికే ఉందట. చేసినవాళ్లకి రింగు వినబడుతుంది, మనకి వినబడదు. మిగతా రైతులు మూడు రింగులు చూసి వేరేవాళ్లకి చేసుకున్నారు, వాళ్ల చెరువులు బతికాయి. ఆయన ఒక్కరే రూపాయి బిళ్ల ఫోను దగ్గర వానలో నిలబడి మళ్లీ మళ్లీ చేశారు. నేను పరిగెత్తుకు వెళ్తే ఆయన అన్నది ఒక్కటే మాట. "పదకొండు సార్లు చేశానమ్మా. నువ్వయితే ఎత్తుతావని చేశాను."

నన్ను నమ్మినవాడే మునిగాడు తమ్ముడూ. షెడ్డు నిండా జనరేటర్లు, ఫోనుకి కరెంటు లేదు. ఇప్పుడు ఒక్క రైతూ ఇటు చూడడం లేదు. ఎస్తేర్‌రాణి రింగు వింటూ కూర్చుందని ఊరు ఊరంతా అంటున్నారు. గుడికి వెళ్లడం మానేశాను. నువ్వు ఫోను చేయకు, నీ గొంతు వినలేను.

ఎస్తేర్‌రాణి

*

హైదరాబాదు,
9 అక్టోబరు 2005

ప్రియమైన అక్కా,

రోజూ చేస్తున్నాను, పెట్టెలో నీ గొంతు విని ఒకటి నొక్కుతున్నాను, నువ్వు ఎత్తడం లేదు. ఎత్తవద్దులే. రింగు అలా మోగుతూ ఉంటే వినడం ఎలా ఉంటుందో నాకు తెలిసింది.

అక్కా, నాకు ముందే తెలుసు. కరెంటు పోతే లైను దానంతటదే పాత ఫోనుకి మారిపోయే రకం పెట్టె కూడా ఉంది. ధర ఎక్కువ. చవకలో చేశాడు నా తమ్ముడు అని నీ చేత అనిపించుకోవాలని ఇది కొన్నాను. అమ్మన్న అనుమానం నువ్వు రాసినప్పుడైనా, ఎర్రఫోను దగ్గర పెట్టుకో, కరెంటు పోగానే వైరు మార్చు అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. రాస్తే నా పెట్టె పనికిరానిదని తేలుతుంది. ఇంకో సంగతి. పనిలో తలమునకలన్నది అబద్ధం. మార్చిలోనే నా ఉద్యోగం పోయింది. నీ కొట్టు చూపించి కాకినాడలో నలుగురికి ఇవే పెట్టెలు పెడదామని ఆశపడ్డాను.

ఈ ఉత్తరం ప్రకాశరావుగారికి చూపించు. తప్పు నాదని చెప్పు. నీ మీద మాట పడకూడదు.

ముఖం చూపించలేని,
నెహెమ్యా

*

యానాం,
20 నవంబరు 2005

ప్రియమైన తమ్ముడికి,

దీవెనలు రాయాలా తిట్లు రాయాలా అని చాలాసేపు ఆలోచించాను. రెండూ ఉన్నాయనుకో. ఉద్యోగం పోయిన సంగతి అక్కకి చెప్పుకోలేని వెధవవి, నాకు కరెంటు సంగతేం చెబుతావు?

నీ ఉత్తరం చెరువుగట్టు మీద నిలబడి ప్రకాశరావుగారికి చదివి వినిపించాను. ఆయన ఎండిన చెరువులో సున్నం చల్లుతున్నారు. చివరిదాకా విని, మళ్లీ సున్నం చల్లుకుంటూ వెళ్లిపోయారు. నేను తిరిగొచ్చి నీ పెట్టె పీకేసి, ఎర్రఫోను దించి వైరు గుచ్చాను. దానికి కరెంటు అక్కరలేదు, లైనులో వచ్చేదే చాలు.

ఆ వారం కరెంటు పోయింది. పోయిన కాసేపటికే ఫోను మోగింది. రెండో రింగుకి ఎత్తి, మీ బావ పేరుతోనే "హలో, డేనియల్ జనరేటర్లండి" అన్నాను. అవతల ఎవరూ పలకలేదు. పెట్టేశారు. తరవాత మళ్లీ కరెంటు పోయింది, మళ్లీ మోగింది, మళ్లీ అంతే. నాలుగుసార్లు. రూపాయి ఫోనులో బిళ్ల వేయకపోతే మన మాట వాళ్లకి వినబడుతుంది గానీ వాళ్ల మాట మనకి వినబడదు. ఎవరో నాకు అర్థమైంది. పరీక్షించుకోనీ అనుకున్నాను. అన్నానికి లేచినా ఫోను చూస్తూనే తిన్నాను. నా కొట్టుకి వచ్చే ఫోను అదొక్కటే మరి.

నిన్న మధ్యాహ్నం అయిదోసారి మోగింది. ఎత్తాను. హలో అన్నాను. అవతల బిళ్ల పడింది.

"రెండో రింగుకే ఎత్తేవే," అన్నారు ప్రకాశరావుగారు.

నాకు ఏడుపు ఆగలేదు.

"ఏడవకమ్మా, బిళ్లకి మూడు నిమిషాలే. మళ్లీ చెరువులో రొయ్యపిల్ల వదులుతున్నాను. ఇంజనొకటి నా పేరున ఉంచు. మీ తమ్ముణ్ణి ఓసారి రమ్మను. నా మొహం చూసి చెప్పమను ఆ మాట."

అంతలో లైను తెగిపోయింది.

బయలుదేరి రా. పెట్టెలేవీ తేవద్దు. ముందు అగ్రహారం వెళ్లి, ఆ తరవాతే ఇంటికి రా. అన్నం వండి ఉంచుతాను.

ఫోను పక్కనే కూర్చున్న,
నీ అక్క