సాంచా పక్కన చిన్న కంప్యూటర్

24 జూన్ 2024, సోమవారం

మల్ల కిల్డ్. స్క్రీన్ మీద గదొక్కటే మాట. ఎందుకో చెప్పదు. ర్యామ్ ఒక్కటే జీబీ, అది నిండంగనే కంపైల్ మధ్యల సచ్చిపోతది. అరచేతంత కంప్యూటర్ బోర్డును నమ్ముకున్న నన్ను అనాలె.

స్క్రాప్‌ల దొరికిన జకార్డు పెట్టెను మా సాంచా, అదే మరమగ్గం మీద ఎక్కించి నెలయింది. చీర అంచుకు పువ్వులు నేయించే పెట్టె అది. దాని కంట్రోలర్ కాలిపోయింది, కొత్తది కొనే తాకత్ లేదు, అందుకే దాని జాగల గీ బోర్డు పెట్టిన. జకార్డును నడిపే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఒక్కటుంది. గదేమో టార్న్ అనే లాంగ్వేజ్‌ల రాసిండ్రు. దునియాల ఎవ్వలన్న వాడుతరో లేదో! ఆ రాతను మిషన్ భాషలకు మార్చే కంపైలర్ గూడ గీ బోర్డుకు రెడీమేడ్ దొరకది. సోర్స్ నుంచి మనమే కంపైల్ చేసుకోవాలె. బీటెక్ చదివి సిరిసిల్లల నూలు కండెలు చుట్టుకుంట కూసున్న కదా, దేవుడు నాకే ఇచ్చిండు గీ పని.

26 జూన్

మా ఆయన సాయితేజకు వీసా అచ్చింది. మస్కట్‌ల ఏదో వేర్‌హౌస్ అంట. ఫ్లైట్ జులై ఎనిమిది. ఆర్డర్లు బందయి సాంచాలు తుప్పు పడుతుంటే ఇక్కడ కూసొని ఏం తినాలె అన్నడు.

28 జూన్

ఆనందం సేటు అచ్చి జకార్డు చూసిపోయిండు. చీరల దుకాణాలకు మాల్ ఇచ్చేటాయన. ఆరో తారీఖు లోపట అంచు సాంపిల్ నేసి చూపెడితే దసరా దాక పని ఇస్తనన్నడు. సేటు పోయినంక సాయితేజ నా దిక్కు చూసిండు. సాంపిల్ అస్తే పోను, వీసా ఏజెంటుకే తిరిగి ఇచ్చేస్త అన్నడు. ఆ రాత్రే మల్ల బోర్డు ముంగట కూసున్న.

1 జులై

ర్యామ్ సాలదని పెన్‌డ్రైవ్‌ను స్వాప్ మెమరీ చేసిన. ఒక్కపారికి ఒక్కటే జాబ్ నడిచేటట్టు పెట్టిన. నత్త లెక్క నడుస్తుంది, కానీ నడుస్తుంది! బోర్డు చిన్న ఫ్యాన్ గిరగిర తిరుగుతుంది. మా అత్త బాలమణి దూరం నుంచి చూసి, ఇది గూడ సాంచాదేనా అని అడిగింది. అవునత్తా, దీంతోనే సాంచా నడుస్తది అన్న.

4 జులై

కంపైల్ డెబ్బై ఆరు శాతం. రాత్రి గూడ లేచి లేచి చూస్తున్న.

5 జులై, శుక్రవారం

పొద్దుగాల చూస్తే తొంభై ఒకటి, రాత్రికల్ల అయిపోతది. ఏజెంటు కోరుట్లకు రమ్మన్నడు, భార్య సంతకం గూడ కావాల్నంట. పోకుంటే అనుమానపడుతడని ఇద్దరం బస్సెక్కినం. వీసా అద్దని చెప్పుడు సాంపిల్ అయినంకనే అనుకున్నం. అచ్చేటప్పుడు కథలాపూర్ దాటంగనే సాయితేజ నా భుజం మీద తలపెట్టి పండుకున్నడు. ఎన్ని దినాలయిందో ఆయన గట్ల నిద్రపోక.

మాపటీలికి ఇంటికస్తే కార్ఖానాల చీకటి. మెయిన్ బంద్. ఇన్వర్టర్ బంద్. బోర్డు డబ్బాకు పసుపు, కుంకుమ బొట్టు. ముంగట ఊదుబత్తి.

ఇయ్యాల అమాస. మా మామ బతికున్నప్పటి సంది అమాస నాడు మా కార్ఖానాల సాంచా తిరగది. పనే లేక సాంచాలు ఆగినంక అమాస ఎవ్వలికి యాదికుంటది? అత్తకుంది. అన్ని సాంచాలు ఆగి ఉన్నయ్, గిదొక్కటే తిరుగుతుంది, పాపం దీనికి సుత సెలవియ్యాలె కదా అని బంద్ చేసిందంట. కొడుకును దేశం దాటనియ్యకు తల్లీ అని దానికి మొక్కిందంట.

ఆన్ చేసిన. బూట్ అయితలేదు. నడుస్తుంటే కరెంటు ఆపేసరికి ఎస్‌డీ కార్డు ఖరాబయింది, అయినదంత దాన్లనే పోయింది. బ్యాకప్ తియ్యలే.

అత్తను ఏమనాలె! బాత్రూంల నల్లా ఇప్పి ఏడ్చిన. సాయితేజ అచ్చి తలుపు కొట్టిండు.

6 జులై

కొత్త కార్డు ఏసి మొదటి నుంచి పెట్టిన. రెండు శాతం. నాలుగు దినాలు ఆగుమని సాయితేజ సేటును బతిమాలిండు. ఆయన ఆగనన్నడు, పని ఇంకొకలకు ఇచ్చేసిండంట. ఫోన్ పెట్టేసి సాయితేజ అటక మీది బ్యాగు దించిండు.

8 జులై

పోయిండు.

11 జులై, గురువారం

కంపైల్ అయింది. ఒక్క ఎర్రర్ లేదు. సాంచా నేనే నడిపిన. అంచుకు మామిడి పిందె అచ్చింది, నున్నగ, వరుసగ. సాయితేజకు ఫోటో పంపలే. పంపి ఏం చెయ్యాలె?

అత్త గుడ్డను తడిమి చూసింది. ఆ దినం తను బంద్ చెయ్యకుంటే ఎప్పటికయ్యేదని అడిగింది.

నువ్వు బంద్ చెయ్యకున్నా ఇయ్యాలటికే అయ్యేదత్తా అన్న.

నమ్మింది.