డాక్టరు చెప్పిన మాట

1958, ఆడి (ఆషాఢ) నెల, శుక్రవారం రాత్రి
రాజపాళయం

పురిట్లోనే బిడ్డ పోయినప్పటి నుంచి చెల్లెలు సుబ్బలక్ష్మి గోడవైపు తిరిగి పడుకునే ఉంది. పొద్దున వచ్చిన డాక్టరు, ఒంట్లో జబ్బేమీ లేదనీ, ఆమెతో అప్‌లిఫ్టింగ్‌గా ఏమన్నా మాట్లాడమనీ చెప్పి వెళ్లాడు.

"ఆ మాటకు అర్థమేమే?" అని అమ్మ అడిగింది. స్కూల్లో ఇంగ్లీషు చెప్పేది నేనే కదా.

"కుంగిన మనసును పైకి లేపేదమ్మా."

"అట్లయితే నువ్వే మాట్లాడు. నాకు నోరు తెరిస్తే ఏడుపే వస్తా ఉండాది" అని అమ్మ వంటింట్లోకి పోయింది.

క్లాసులో ఈ మాటతో వాక్యాలు రాయించడం తేలికే. పాట అప్‌లిఫ్టింగ్, మంచి వార్త అప్‌లిఫ్టింగ్. చెల్లెలి పక్కన కూర్చుంటే అవేవీ పనికిరాలేదు. పక్కూరు సేత్తూరులో వాన పడిందన్నాను. పెరట్లో మల్లెతీగ మొగ్గ వేసిందన్నాను. చిన్నవయసేగా, మళ్ళీ పుడతారులే అని కూడా అనేశాను. అంటుండగానే ఎందుకన్నానా అనిపించింది.

చాలాసేపటికి ఆమె నావైపు తిరిగింది.

"అక్కా, బిడ్డకు పేరు పెట్టకనే పూడ్చినారు గదా. నేను దాన్ని ఏమని తలుచుకునేది?"

చేయి పట్టుకోబోతే మెల్లగా వెనక్కి తీసుకుని, మళ్ళీ గోడవైపు తిరిగింది.

అప్పటి నుంచి ఒక్కొక్క పేరే మనసులో అనుకుంటున్నాను. ఒక్కటి కూడా పైకి అనలేకపోతున్నాను.