సారు "కుడి" అంటే

అన్నా, నువ్వు పోయి నేటికి ఏడాది. మన జట్టు సెమీఫైనల్లో ఓడిపోయింది. యానాం నుంచి వచ్చిన, అరవం రాని హాకీ కోచ్ సారుని తీసేయాలని నిన్న కోసపాళయం క్లబ్బులో గొడవ. నేనూ వెళ్ళాను.

ఆట చివర్లో సారు "కుడి, కుడి!" అని అరిచాడు. అరవంలో ఆ మాటకి "తాగు" అని కదా. గోలు ముందు కాపు కాసే కొత్త బ్యాకు, తెలుగు రాని సెల్వం, ఏం తాగాలో తెలియక సారు వైపు తిరిగాడు. కుడి పక్క నుంచే గోలు పడింది.

"ఆట మధ్యలో తాగమనే కోచ్ మనకేందిరా? పంపించేద్దాం," అన్నాడు క్లబ్బు పెద్ద రంగయ్య మామ. అందరూ నవ్వారు. సారు తల ఎత్తలేదు.

నేను లేచాను. "సారు సరిగ్గానే చెప్పినాడు మామా. ముందు సారు మాటని అన్న అరవంలో అరిచేవాడు."

"ఇప్పుడు మీ అన్న యాడుండాడ్రా?" అనేసి మామ నాలుక కరుచుకున్నాడు.

"నేను అరుస్తా."

"నువ్వా? నీ గొంతు మేమెప్పుడన్నా ఇన్నామా?" అని మామ సారు వైపు చూసి, "సరే, ఒక నెల చూద్దాం," అన్నాడు.

ఈ పొద్దున ప్రాక్టీసులో సారు వెనకాలే నిలబడ్డాను. ఆయన "కుడి!" అనగానే కుడికి అరవం మాట "వలదు!" అని అరిచాను. సెల్వం సరిగ్గా కుడి వైపుకే పరిగెత్తాడు.

"శభాష్, గోపీ," అన్నాడు సారు, వెనక్కి తిరక్కుండానే.

అది నీ పేరని నేను గుర్తు చేయలేదు.