గోడ విషయంలో నా అభ్యంతరం

ఏమండీ,

ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరూ, మామయ్యగారూ, అమ్మాయీ, మన ప్రెస్సులో ఆ మొండి మిషనూ కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను.

మీ ఉత్తరం అందింది. ముందు మీరడిగినవాటికి జవాబులు. తిండి బాగానే ఉంది, ఉప్పు మాత్రం ఎవరి అదృష్టం వాళ్లది. గది రెండో అంతస్తులో. కిటికీ తీస్తే కింద సైకిళ్లు బాగుచేసే చప్పుడు, మూస్తే ఉక్క. నాతోపాటు చదువుకుంటున్న నర్సు మా గదిలో ఇంగ్లీషు తప్ప మాట్లాడకూడదని రూలు పెట్టి, దెబ్బ తగిలితే మాత్రం ‘అమ్మా’ అనే అంటోంది. మామయ్యగారి మోకాలికి వేడినీళ్ల కాపడం మానొద్దు. అమ్మాయి లెక్కల్లో వెనకబడిందని రాశారు. అది వెనకబడలేదు, మీరు పక్కన కూర్చుని ఆవలిస్తుంటే దానికీ నిద్రొస్తోంది.

‘ఇంతకీ అక్కడ నేర్పేది ఇంగ్లీషా, రాజకీయాలా?’ అని అడిగారు. రెండూనండీ. పక్కపక్క దేశాల కూటమి ఆఫీసు కాగితాలు మన ప్రెస్సుకి అచ్చుకి రావడం, ఆ ఇంగ్లీషు కొరుకుడు పడక ప్రూఫుల దగ్గర నేను తల పట్టుకోవడం చూసే కదా మీరు నన్నిక్కడికి పంపారు! మా మేడమ్ వ్యాకరణం పుస్తకం ముట్టుకోరు. పొద్దున్నే బల్ల మీద పేపరు పరుస్తారు. ఏ దేశం కూటమిలో చేరుతోంది, ఏది అలిగి బయటికి పోతానంటోంది, ఎవరి సరుకు మీద ఎవరు సుంకం ఎత్తేశారు, అదే మా పాఠం. ఆ భాషే వేరు. ‘మీ సూచనను గమనంలోకి తీసుకున్నాం’ అన్నారంటే చెయ్యం అని అర్థం. వంటింటికి సున్నం వేయించమంటే మీరు ‘చూద్దాంలే’ అంటారే, అచ్చం అదే. ఆ మాట వచ్చినప్పుడల్లా మీరు గుర్తొస్తున్నారు.

మధ్యాహ్నం క్లాసులో మేమే దేశాలం. లారీ యూనియన్ గుమాస్తా ఒక పెద్ద దేశం, నర్సు ఇంకో పెద్ద దేశం, మధ్యలో ఇరుక్కున్న చిన్న దేశం నేను. మొదటి సమావేశంలో ఆ ఇద్దరూ కలిసి ఒక కాగితం పంచారు. సరిహద్దుల్లో సుంకం వసూలుచేసే గేట్లన్నీ తీసేసి ఒకే గేటు పెడదామని, టీ వచ్చేలోపు ఎవరూ కాదనకపోతే అందరూ ఒప్పుకున్నట్టేనని. సగం మాటలు నాకు అర్థం కాలేదు. అడిగితే నవ్వుతారేమోనని తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. టీ వచ్చింది, కాగితం పాసైంది. మిగిలిన ఆ ఒక్క గేటూ గుమాస్తా దేశంలో! నా దేశానికి గేటూ లేదు, రాబడీ లేదు.

“అదేంటి మేడమ్, నేను ఊ అనలేదే!” అన్నాను.

“ఊహూ అని కూడా అనలేదుగా” అన్నారావిడ.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, గదికొచ్చి మీ ఉత్తరం మళ్లీ చదివితే నవ్వు పోయింది. మీ తమ్ముడి బైండింగు షాపూ మన ప్రెస్సూ ఒకటి చేద్దాం, మధ్య గోడ కొట్టేద్దాం, నెలాఖరుకి మేస్త్రీ వస్తాడు అని రాసి, కింద ఏమన్నారు? ‘నీ దగ్గర్నుంచి మాట రాకపోతే మౌనం అర్ధాంగీకారం అనుకుంటాను.’ ఆ గోడని ఆనుకునే కదండీ నా బల్ల ఉంది! పెళ్లయినప్పటి నుంచి ప్రూఫులు దిద్దుతున్న చోటు అది. గోడ పోతే బల్ల ఎక్కడికి పోతుందో మీ ఉత్తరంలో లేదు. చాలా బాధేసింది. మీరు నన్ను మర్చిపోయి అలా రాయలేదు, నేనెలాగూ సరేనంటానని రాశారు. అందుకే ఇంకా బాధ.

తర్వాతి సమావేశంలో ఆ ఒక్క గేటుకి నియమాలు రాయబోతుంటే లేచి నిలబడ్డాను. ‘ఈ పేరాకి మా దేశం ఒప్పుకోదు’ అని ఇంగ్లీషులో, తడుముకోకుండా చెప్పాను. కాగితం వెనక్కి పోయింది. అసలు బేరం ఆ బల్ల దగ్గర కాదు, మెట్ల మీద టీ గ్లాసులు పట్టుకుని జరిగింది. నా గేటు నాకొచ్చింది, వాళ్ల లారీలకి దారీ దొరికింది.

“మీతో పెట్టుకుంటే కష్టమేనమ్మా” అంటూ గుమాస్తా తన బిస్కెట్ ఒకటి నాకిచ్చాడు.

కాబట్టి మన సంగతిలో నా మాట ఇది. కాగితం, సిరా రెండు షాపులకీ కలిపి కొందాం, చవకగా వస్తాయి. పెద్ద ఆర్డరొస్తే పనివాళ్లు అటూ ఇటూ సర్దుకోవచ్చు. గల్లాపెట్టెలు మాత్రం ఎవరివి వాళ్లవే. గోడ ఉంటుంది. అందులో ఒక తలుపు పెడదాం, గడియ రెండు వైపులా ఉండాలి. ఇల్లు అలకగానే పండగ కాదండీ, గోడ కొట్టగానే అన్నదమ్ములు ఒకటైపోరు. తొందరపడి కలిసి, ఆనక మొహమొహాలు చూసుకోని వాళ్ల కథలు ఇక్కడ రోజూ చదువుతున్నాం. మీరూ మరిదీ మాట్లాడుకోని రోజు నేను చూడలేను.

ఇంకొకటి చెప్పాలి. ముందే రాస్తే కోపంతో మిగతాది చదవరని ఇందాకటి నుంచీ దాచాను. మీకు రాసేముందు తోడికోడలికి ఫోన్ చేశాను. మీకే చెయ్యొచ్చుగా అంటారేమో, ఫోన్లో మీరు నా మాట ఏనాడు పూర్తి కానిచ్చారు? నోట్లో నాలుక లేదని మనమంతా అనుకునే ఆ పిల్ల, పాపం, ఎంతసేపు మాట్లాడిందో!

“అక్కా, గోడకి ఇటువైపు నా పుస్తకాలు కుట్టే మిషన్ ఉంది. అదెక్కడ పెడతారో నన్నూ ఎవరూ అడగలేదు. అయినా మా ఆయన చిరాకు బావగారి చెవిన పడకుండా ఇన్నాళ్లూ కాచింది ఆ గోడే కదా!” అంది.

పైన రాసిన షరతుల్లో సగం తనవే. గడియ సంగతైతే పూర్తిగా తనదే.

మేస్త్రీకి కబురు కూడా వెళ్లింది. నెలాఖరుకి వస్తాడు, తలుపుకి కొలత తీసుకోవడానికి. కూలి బేరం కూడా తనే ఆడేసింది. మీ ఇద్దరూ చెయ్యాల్సిందల్లా పక్కకి తప్పుకుని అతనికి చోటివ్వడమే.

ఇట్లు,
మీ ఆవిడ,
మీ మరదలి తరఫున కూడా