గలగలమన్న జీడి గింజలు

ఆదివారం రాత్రి

ఇయ్యాల సంబురానికి నిద్ర పట్టేటట్టు లేదు. కోదాడల షావుకారి మా జీడి గింజలు గుప్పిట్ల పట్టి ఊపిండు, గలగలమన్నయ్. ఒకటి కోసి సూసిండు, పప్పు తెల్లగ, నిండుగ ఉన్నది. "అందరూ పచ్చివే తెస్తారమ్మా. మీవి బాగా ఎండినయ్యి, మంచి రేటు ఇస్తాను" అన్నడు. నాకు పానం లేసొచ్చినట్టయింది.

చెట్టు మీదనే తెంపితే పప్పు నిండదు, రాలినంక ఏరి ఎండవెట్టాలె అని మా కొడుకు శీను చెప్పేటోడు. ఆ చెట్లు వాడు పెట్టినయే. వాడు సచ్చిపోయినంక ఇదే మొదటి కాపు. ఈసారి గిట్టకపోతే చెట్లు కొట్టేసి పత్తి పెడతనని వాళ్ళ నాయిన గొడ్డలి నూరి పెట్టిండు. పక్క చెలకోళ్ళు కోతులకు భయపడి ముందే తెంపి అమ్మిండ్రు. "కోతులకు దావత్ ఇస్తున్నవా వదినా" అని నన్ను సూసి నవ్విండ్రు. నేను చెట్ల కిందనే కావలి కూసున్న.

ఇంటికొచ్చి ఆయనకు రేటు చెప్పిన. శీను పోయినకాడికెల్లి ఆ చెలకల అడుగు పెట్టని మనిషి, అన్నం తిని చెయ్యి కడుక్కుంట, "పొద్దుగాల నన్ను గూడ లేపు. మిగిలినయి ఏరాలె గదా" అన్నడు.

లేపుత. కానీ వాని చెట్ల కింద ఆయన ఎట్ల నిలవడతడో ఏమో...